టోటల్ లాస్ అయ్యి రిపేరైన ఐ20, 4.40 లక్షలకు తీసుకోవచ్చా?

కూకట్‌పల్లి_కీ:

నమస్కారం. విజయవాడలో ఒక కార్ కన్సల్టెన్సీ దగ్గర 2021 ఐ20 మాగ్నా పెట్రోల్ మాన్యువల్ ఉంది. ఏపీ 39 సిరీస్, ఫస్ట్ ఓనర్, 41 వేల కిలోమీటర్లు. రేటు 4.40 లక్షలు చెప్తున్నారు. దెబ్బ తగలనివి 6 లక్షలకు తక్కువ దొరకడం లేదు.

సంగతి వాళ్లే చెప్పారు. 2023 నవంబర్‌లో ముందు ఎడమ మూల డివైడర్‌కి కొట్టింది. రెండు ఎయిర్‌బ్యాగులూ తెరుచుకున్నాయి. ఇన్సూరెన్స్ టోటల్ లాస్ కింద సెటిల్ అయింది, బండి ఓనర్ దగ్గరే మిగిలింది, అతని దగ్గర వీళ్లు కొని బయటి షెడ్డులో చేయించారు. అప్పటి ఐడీవీ (ఇన్సూరెన్స్‌లో బండికి రాసిన విలువ) 4.80 లక్షలు. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది, ఓనర్ పేరు మార్పుకి వేసే ఫారం 29, 30 మీద సంతకాలు తీసి పెట్టుకున్నారు.

నడిపితే తేడా తెలియలేదు, స్టీరింగ్ ఏ పక్కకీ లాగలేదు. హైదరాబాద్ తెచ్చి కనీసం ఐదేళ్లు వాడాలి, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఏమేం చూడాలి? ఏది కనిపిస్తే మారు మాట్లాడకుండా వదిలేయాలి?

సర్వే_కాగితం:

బండి చూసే ముందు లెక్క చూడండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితేనే టోటల్ లాస్ కింద కడతారు. 4.80కి 75 శాతం 3.60. అంటే ఆ రోజు షోరూమ్ ఎస్టిమేట్ 3.60 లక్షల పైమాటే. ఇప్పుడు అమ్మేవాడి వైపు నుంచి చూడండి. దెబ్బతిన్న బండిని 2 లక్షలకు కొన్నాడనుకుందాం, లాభం 40 వేలు. 4.40లో ఇవి తీసేస్తే రిపేరుకి మిగిలింది 2 లక్షలు. 3.60 పని 2 లక్షల్లో ఎలా అయింది?

కొంత న్యాయంగానే తగ్గుతుంది. ఎస్టిమేట్‌లో విడిభాగాల మీద అప్పట్లో 28 శాతం, లేబర్ మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. షోరూమ్ వాళ్లు డోర్ మార్చాలంటే షెడ్డువాడు కొట్టి సరిచేస్తాడు. బానెట్, ఫెండర్, హెడ్‌లైట్, రేడియేటర్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇవన్నీ సరే. మిగతా తగ్గింపు మాత్రం ఎయిర్‌బ్యాగులు, బెల్టులు, చాసిస్ లెగ్ (బండి ముందు భాగంలో రెండు పక్కలా పొడవునా ఉండే ఇనుప దూలం) దగ్గర జరుగుతుంది. అవి కంటికి కనపడవు, కొనేవాడు అడగడు.

అందుకని సర్వే రిపోర్టు, అంటే ఇన్సూరెన్స్ సర్వేయర్ దెబ్బలు చూసి రాసిన కాగితం, అడగండి. పాత ఓనర్ తన క్లెయిమ్ నంబరుతో కంపెనీని అడిగి తీసుకోగలడు. అందులో ఒక్కో పార్టు పక్కన రిప్లేస్ అనో రిపేర్ అనో ఉంటుంది. ఆ కాగితం చేత్తో పట్టుకుని బండి దగ్గర ఒక్కోదానికీ టిక్ పెట్టుకుంటూ రండి. రిపేరుకు ముందు తీసిన ఫొటోలు, పార్టుల బిల్లులు కూడా కావాలి. ఇవేవీ లేవన్నారంటే మిగతా పోస్టులు చదవాల్సిన పని లేదు.

ఇంకోటి. టోటల్ లాస్ అని ఆర్‌సీలో ఎక్కడా పడదు. అమెరికాలో లాగా టైటిల్ మీద ముద్ర వేసే పద్ధతి మన దగ్గర లేదు. ఈయన చెప్పాడు కాబట్టి తెలిసింది, చెప్పనివాళ్ల దగ్గర పాలసీ తేదీలు చూసి పట్టుకోవాలి. సెటిల్ అయ్యాక పాత పాలసీ అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి ఏడాది మధ్యలో కొత్త పాలసీ మొదలై, ఎన్‌సీబీ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా ఉంటే అనుమానించాలి.

డెంటింగ్_సుత్తి:

బోల్టు విప్పితే ఊడొచ్చేవి ఎన్ని మార్చినా భయం లేదు: బానెట్, ఫెండర్, డోర్, బంపర్. వెల్డింగుతో బాడీకి అతికి ఉన్నవే చూడాలి: ఏప్రాన్ (బానెట్ కింద చక్రం పైన ఉండే లోపలి రేకు), దాని కింద చాసిస్ లెగ్, ఎ పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం). రేడియేటర్ సపోర్టు మారిందంటే పెద్దగా పట్టించుకోను. ఏప్రాన్ అంటే జాగ్రత్త పడతాను. పిల్లర్ దాకా పని వెళ్లిందంటే వద్దు.

పెయింట్ మీటరుతో ముందు రూఫ్ మీద ఐదారు చోట్ల కొలవండి, సాధారణంగా అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు. 90 నుంచి 130 మైక్రాన్లు వస్తే అది కంపెనీ పెయింట్. మిగతా బాడీని దానితో పోల్చుకోండి. 200–300 అంటే మళ్లీ కొట్టారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. ఫెండర్ మీద 250 వస్తే కంగారు పడొద్దు. ఎడమ ఎ పిల్లర్ కింది భాగం మీద 600 వస్తే మాత్రం తాళం ఇచ్చేసి రండి.

తర్వాత బానెట్ ఎత్తి ఎడమ, కుడి ఏప్రాన్లు పక్కపక్కన పోల్చండి. కంపెనీ స్పాట్ వెల్డ్ గుండ్రటి చిన్న గుంట, చొక్కా గుండీ అంత ఉంటుంది, దాదాపు సమాన దూరాల్లో వరసగా పడి ఉంటాయి. షెడ్డులో మిగ్ వెల్డింగ్ పెట్టి గ్రైండ్ చేస్తే ఆ గుంటలు పోయి అంచు చదునవుతుంది, దాని మీద నల్లటి సీలర్ వేలితో పూసినట్టు పొర ఉంటుంది. గోరు గుచ్చి చూడండి. కంపెనీ సీలర్ గట్టిగా ఉంటుంది, కొత్తగా పూసినదాంట్లో గోరు దిగొచ్చు.

టేపుతో ఐమూలగా కొలవడం మర్చిపోవద్దు. ఎడమ స్ట్రట్ టవర్ (ముందు సస్పెన్షన్ పై చివర బిగించే చోటు) పై బోల్టు నుంచి కుడి హెడ్‌లైట్ దగ్గర రేడియేటర్ సపోర్టు బోల్టు దాకా ఒకటి, కుడి టవర్ నుంచి ఎడమ మూలకి రెండోది. తేడా 3 మిల్లీమీటర్లలోపు అయితే పర్వాలేదు. 6, 7 వస్తే ముందు భాగం వాలిపోయి ఉంది.

బండి లిఫ్టు మీద పెట్టించి ఎడమ చాసిస్ లెగ్‌ని ముందు నుంచి వెనక్కి చేత్తో తడుముతూ రండి. కంపెనీలో వేసిన గాడులు నున్నగా, రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. కొట్టి సరిచేసిన చోట అలలు తగులుతాయి. గ్యాస్ మంట పెట్టిన చోట అండర్‌కోట్ మాడి పెచ్చులు లేస్తుంది. కొత్తగా అండర్‌కోట్ కొట్టి ఉంటే ఆ ఒక్క చోటే ఎందుకు కొట్టారో అడగండి. ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ లెగ్ హై స్ట్రెంగ్త్ స్టీల్. మంట పెడితే మెత్తబడి బలం పోతుంది. మళ్లీ గుద్దుకున్నప్పుడు అది మడవాల్సిన చోట మడవదు, బ్యాగు తెరుచుకునే సమయమూ తప్పుతుంది.

ఒక చిన్న మాట: డోర్ల కింద జాకీ పెట్టే సిల్ అంచు మీద నాలుగు చోట్ల పళ్లు పట్టిన గుర్తులు కనిపిస్తే బెదరకండి, సంతోషించండి. జిగ్ (వంగిన బాడీని కొలత ప్రకారం లాగే స్టాండు) మీద బిగించి లాగారని అర్థం. ఇంత పెద్ద దెబ్బ తిన్న బండికి ఆ గుర్తులు లేకపోతేనే గొలుసు కట్టి చెట్టుకి లాగారేమోనని అనుమానం రావాలి.

స్టీరింగ్ లాగడం లేదంటున్నారు. టో (పైనుంచి చూస్తే చక్రాల దిశ) సర్దితే వంగిన బండి కూడా తిన్నగా పోతుంది. అలైన్‌మెంట్ షీటు తీయించి అందులో క్యాస్టర్ (స్ట్రట్ ముందుకో వెనక్కో వాలిన కోణం), క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), సెట్‌బ్యాక్ (ఒక ముందు చక్రం రెండోదానికన్నా ఎంత వెనక ఉందో ఆ తేడా) చూడండి. ఈ సస్పెన్షన్‌లో ముందు క్యాంబర్, క్యాస్టర్ సర్దడానికి ఏర్పాటు లేదు, కాబట్టి ఆ అంకెల్ని కప్పిపుచ్చడం కుదరదు.

స్కానర్_బాబాయ్:

ఎయిర్‌బ్యాగుల గురించి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎస్ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్) లైటు వెలిగి ఐదారు సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారు. ఆయిల్ లైటో బ్యాటరీ లైటో ఆరిన క్షణంలోనే ఇదీ ఆరితే వైరు దానికి కలిపారు. సరిగ్గా వెలిగి ఆరినా నమ్మకండి. బ్యాగు బదులు కనెక్టర్‌లో రెండు మూడు ఓమ్‌ల రెసిస్టర్ గుచ్చితే మాడ్యూల్ (బ్యాగుల్ని నడిపే కంప్యూటర్) బ్యాగు ఉందనే అనుకుంటుంది. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

స్టీరింగ్ మధ్య మూత, డ్యాష్‌బోర్డు ఎడమ వైపు రంగు, గరుకుదనం మిగతా ప్లాస్టిక్‌తో కలిశాయా? పగిలిన డ్యాష్‌బోర్డుకి ఫైబర్ పూసి రెగ్జిన్ అంటించడం మామూలే. అలా చేసినదాని వెనక నిజమైన బ్యాగు ఉన్నా అది బయటికి రాలేదు. గ్లవ్ బాక్స్ విప్పిస్తే పాసింజర్ బ్యాగు వెనక భాగం, దాని లేబుల్, కనెక్టర్ కనిపిస్తాయి. ఈ పని ఎయిర్‌బ్యాగ్ తెలిసినవాడే చేయాలి, బ్యాటరీ తీసి కనీసం 3 నిమిషాలు ఆగాక.

బెల్టు పూర్తిగా లాగి అడుగున కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ చదవండి. బ్యాగు తెరుచుకున్న యాక్సిడెంట్‌లో డ్రైవర్ బెల్టు ప్రీటెన్షనర్ (గుద్దుకోగానే బెల్టుని బిగించే భాగం) కూడా పేలుతుంది. కాబట్టి డ్రైవర్ బెల్టు మీద 2023 తర్వాతి తేదీ ఉండాలి. 2020, 2021 తేదీయే ఉంటే బెల్టు మార్చలేదు, లేదా పాత బండిది తెచ్చి వేశారు.

స్కానర్ పెట్టినప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్)లోని చాసిస్ నంబరు కూడా చదివించండి. దాన్ని ఆర్‌సీతోనూ, బాడీ మీద కొట్టిన నంబరుతోనూ పోల్చాలి. చాలా హ్యుందాయ్ కార్లలో అది ముందు సీటు కింద కార్పెట్‌లో చిన్న మూత ఎత్తితే ఉంటుంది. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలు, వేరే పెయింట్, రేకు అతుకు ఉంటే ముట్టుకోవద్దు. టోటల్ లాస్ బండి కాగితాలూ నంబరు ముక్కా కొని దొంగ బండికి తగిలించడం పాత విద్య.

విజయవాడ బండి కదా, ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగిన రోజు ఈ బండి ఎక్కడుంది? దెబ్బ 2023 నవంబర్‌లో అంటున్నారు. సింగ్‌నగర్, పాయకాపురం వైపు షెడ్డులో ఆగి ఉంటే యాక్సిడెంట్‌తో పాటు వరద కూడా తిన్నట్టే. స్టెప్నీ గుంతలో మట్టి, సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఫోమ్ తడి, కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము, బెల్టు చివరి అడుగులో బురద గీత చూడండి. ఏ రెండు ఉన్నా వద్దు. వైరింగ్ జబ్బు ఇవాళ కనపడదు, వచ్చే వానాకాలం మొదలవుతుంది.

ఆర్‌సీ_పక్కా:

వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ వెబ్‌సైటు)లో ఆర్‌సీ స్టేటస్ యాక్టివ్ అని ఉందా అని ముందు చూడండి. పనికిరాకుండా పోయిన బండి గురించి ఓనర్ 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 చెప్తుంది. ఆ లెక్కన ఆర్‌సీ రద్దయి ఉంటే ఎంత బాగా రిపేరు చేసినా అది ఇనుమే.

ఖాళీ ఫారం 29, 30 చేతిలో పెట్టి బండి ఇస్తానంటే ఒప్పుకోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆథరైజ్డ్ డీలర్‌కి బండి అప్పగిస్తే ఓనర్ ఫారం 29సి వేయాలి. ఈ కన్సల్టెన్సీకి ఆ అనుమతి ఉందేమో అడగండి. లేకపోతే ఓనర్‌నే పిలిపించి అతనితోనే అగ్రిమెంటు రాయించుకోండి, అందులో టోటల్ లాస్ క్లెయిమ్ నంబరు, తేదీ కూడా ఉండాలి. లోన్ ఉండి ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 కావాలి. తెలంగాణకి తేవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌వోసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. అది బండి వయసును బట్టి మొదటి ధర మీద పడుతుంది కాబట్టి 4.40 పక్కన ఆ మొత్తం రాసుకుని అప్పుడు బేరం చేయండి.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీకి ఇబ్బంది లేదు. సొంత డ్యామేజీ పాలసీకి మాత్రం ఫొటోలతో ఇన్‌స్పెక్షన్ జరుగుతుంది. పాత దెబ్బ అని తేలిన భాగానికి క్లెయిమ్ ఇవ్వరు. పాలసీ మీ పేరుకి మారకముందు గుద్దుకుంటే సొంత డ్యామేజీ కింద మీకేమీ రాదు.

కూకట్‌పల్లి_కీ:

అందరికీ థాంక్స్. మెకానిక్‌ని తీసుకెళ్లి చూశాం. రూఫ్ 110, ఎడమ ఫెండర్ 240, బానెట్ 260, పిల్లర్లు రెండు పక్కలా 115–125. డయాగొనల్ తేడా 4 మిల్లీమీటర్లు. క్యాస్టర్ కుడి 4.1, ఎడమ 3.2 డిగ్రీలు, సెట్‌బ్యాక్ 7 మిల్లీమీటర్లు. సిల్ అంచు మీద పళ్ల గుర్తులు ఉన్నాయి. చాసిస్ నంబర్లు మూడూ కలిశాయి, వరద గుర్తులు లేవు. డ్రైవర్ బెల్టు లేబుల్ మీద 2020 డిసెంబర్. గ్లవ్ బాక్స్ విప్పనివ్వలేదు. సర్వే రిపోర్టు వారంలో ఇస్తామన్నారు.

డెంటింగ్_సుత్తి:

పిల్లర్లు బాగున్నాయి, జిగ్ మీద లాగారు, అంతవరకు మంచిదే. క్యాస్టర్ తేడా 0.5 దాటకూడదు, మీది 0.9. దానికి 7 సెట్‌బ్యాక్ తోడైందంటే ఎడమ చక్రం వెనక్కి జరిగి ఉంది. లోయర్ ఆర్మ్ వంగిందా, లెగ్గే వెనక్కి వెళ్లిందా తేల్చాలి. లిఫ్టు మీద పెట్టి, ఫ్లోర్ కింద రెండు పక్కలా ఉండే కొలత రంధ్రాల నుంచి సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే కింది ఫ్రేము) బోల్టుల దాకా ట్రామ్ గేజ్‌తో (రెండు చోట్ల మధ్య దూరం కొలిచే కడ్డీతో) కొలవండి. రెండు పక్కలా సమానంగా వచ్చి, ఎడమ బాల్ జాయింట్ దగ్గర మాత్రమే తేడా వస్తే లోయర్ ఆర్మో, నకుల్ (చక్రాన్ని పట్టి ఉంచే భాగం) అయినా మార్చితే సరిపోతుంది. బోల్టుల దగ్గరే తేడా ఉంటే లాగినా లెగ్ పూర్తిగా తన చోటికి రాలేదు.

స్కానర్_బాబాయ్:

డ్రైవర్ బెల్టే మార్చనివాడు బ్యాగులు కొత్తవి వేశాడంటే నేను నమ్మను. విప్పనివ్వకపోవడం దానికి తగ్గట్టే ఉంది. షోరూమ్‌లో ఈ కారుకి రెండు బ్యాగులు, మాడ్యూల్, ముందు బెల్టులు, డ్యాష్‌బోర్డు కొటేషన్ తీసుకోండి. ఆ మొత్తం 4.40లోంచి కొట్టేసి అడగండి, ఒప్పుకుంటే మీరే షోరూమ్‌లో వేయించుకోండి. ఒప్పుకోకపోతే, ఇద్దరు పిల్లల్ని ఎక్కించే బండి కదా, వదిలేయండి.

సర్వే_కాగితం:

వారం అన్నారుగా, రిపోర్టు వచ్చేదాకా అడ్వాన్స్ రూపాయి కూడా ఇవ్వకండి. రిపోర్టులో చాసిస్ లెగ్ రిప్లేస్ అని రాసి ఉండి, బండి కింద పాత లెగ్గే ఉంటే గేజ్ ఖర్చు కూడా దండగ.