15 అంగుళాల చక్రాల బదులు 16 వేయించొచ్చా?

గుంతలో పడి కారు అల్లాయ్ వీల్ ఒకటి అంచు దగ్గర సొట్టపోయింది, టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బింది. మిగతా మూడూ ఎలాగూ అరిగిపోయాయి కాబట్టి నాలుగూ మార్చేద్దామనుకుంటున్నా.

ఇప్పుడున్న టైర్లు 185/65 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు), లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సంఖ్య) 88. షాపతను 205/55 ఆర్16 వేయించుకోమంటున్నాడు. లెక్కేస్తే చక్రం ఎత్తు 621.5 నుంచి 632 మి.మీ.కి పెరుగుతోంది. అదే 195/55 ఆర్16 అయితే 621 దగ్గరే ఆగుతుంది, స్పీడోమీటర్‌తో పేచీ ఉండదు. కానీ నేను చూసినవాటి లోడ్ ఇండెక్స్ 87, అంటే టైరుకు 560 కిలోల బదులు 545. కారు నిండా జనం, డిక్కీ నిండా సామానుతో తిరిగే మాకు ఇది ఫర్వాలేదా?

అసలు భయం రిమ్ముతోనే. నాలుగు బోల్టుల కొలత సరిపోయింది. కానీ పాతదాని ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమధ్య నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మి.మీ. బయటికుందో) 45, కొత్తది 38. వెడల్పు కూడా అరంగుళం ఎక్కువ. రెండూ కలిపితే బయటి అంచు 13 మి.మీ. ముందుకొస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఫెండర్‌కి రాసుకుంటుందా? కొత్త రిమ్ము మధ్య రంధ్రం హబ్ (చక్రం బిగించే ఇరుసు భాగం) కన్నా పెద్దది, ప్లాస్టిక్ రింగు పెడితే చాలంటున్నాడు. నాకైతే నమ్మకం కుదరట్లేదు.

ఇలా మార్చినవాళ్లుంటే కాస్త చెప్పండి. లేక బుద్ధిగా 15తోనే ఉండిపోనా?