ఏడీహెచ్‌డీ, యాంగ్జైటీ రెండూ ఉంటే కొరియన్ కషాయం తాగొచ్చా?

మియాపూర్_అన్న:
తమ్ముడికి 26 ఏళ్లు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), యాంగ్జైటీ (అతిగా ఆందోళన) రెండూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి వాడే మాత్ర అటమాక్సెటిన్ 40 మి.గ్రా. మొదలై పది రోజులైంది. ఆఫీసులో కొరియన్ కొలీగ్ 'హన్యాక్' పౌచ్‌లు తెప్పిస్తానంటున్నాడు, రోజుకి రెండు. మాత్ర ఆపి అవి తాగొచ్చా?

మందులషాపు_మాస్టారు:
ఆపొద్దండి. అటమాక్సెటిన్ గుణం తెలియడానికి 4–6 వారాలు పడుతుంది. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోమనండి.

హన్యాక్ అంటే ఒకే మందు కాదు. కొరియాలో లైసెన్సున్న వైద్యుడు (హనుయిసా) మనిషిని చూసి కలిపే కషాయం. బెదురు, నిద్ర పట్టకపోవడం ఉంటే గ్విబితాంగ్, ఓందంతాంగ్ లాంటివి, చిరాకు ఎక్కువైతే ఓక్‌గాన్‌సాన్ ఇస్తారు. 1613లో అచ్చైన కొరియన్ వైద్య గ్రంథం దోంగుయిబోగంలో ఏడీహెచ్‌డీ అనే జబ్బు పేరే లేదు, లక్షణాల్ని బట్టే వైద్యం. ఏడీహెచ్‌డీకి మాత్ర బదులు కషాయం చాలనేంత గట్టి రుజువు లేదు. ఇంకొకరి కోసం కలిపిన పౌచ్ అయితే మరీ అర్థం లేదు.

కషాయం_కాపలా:
లేబుల్‌ని ఫోన్ కెమెరాతో అనువాదం చేసి ఈ దినుసుల పేర్లు వెతకండి.
మహ్వాంగ్: ఇందులో ఎఫెడ్రిన్ ఉంటుంది. అటమాక్సెటిన్ కూడా బీపీ, నాడి పెంచేదే. రెండూ కలిస్తే గుండెదడ. దాన్ని యాంగ్జైటీ ముదిరిందనుకుని డోసులు మార్చేస్తారు, అసలు గొడవ అక్కడే.
గమ్‌చో: మన అతిమధురమే. వారాల తరబడి తాగితే పొటాషియం పడిపోయి, బీపీ పెరిగి, కాళ్లు వాస్తాయి. చాలా కషాయాల్లో ఉంటుంది.
హాసువో: కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. అటమాక్సెటిన్‌తోనూ అరుదుగా అదే జరుగుతుంది, రెండూ తాగితే ఏది కారణమో తేలదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి మారినా వెంటనే డాక్టరుకి చూపించాలి.
జుసా: ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఖనిజం. కనబడితే పారేయండి.
సాన్‌జోయిన్: రేగు జాతి గింజ. యాంగ్జైటీకి ఇచ్చే మగత మాత్ర క్లోనజెపామ్‌తో కలిస్తే మగత ఎక్కువ.

మియాపూర్_అన్న:
లేబుల్‌లో మహ్వాంగ్ ఉంది. యాంగ్జైటీకి ఫ్లూఆక్సెటిన్ కూడా రాశారు, ఫర్వాలేదా?

మందులషాపు_మాస్టారు:
పౌచ్‌లు వద్దు. ఫ్లూఆక్సెటిన్ ఉంటే అటమాక్సెటిన్ శరీరంలో త్వరగా కరగదు, రక్తంలో మోతాదు పెరుగుతుంది. రెండూ ఒకే డాక్టరు రాశారా అని అడగండి. వేర్వేరు డాక్టర్లయితే అటమాక్సెటిన్ 80 మి.గ్రా.కి పెంచే ముందే ఇద్దరికీ చెప్పాలి. అయిదు నిమిషాలు కూర్చున్నాక బీపీ, నాడి చూసి వారం పాటు రాసిపెట్టండి, అపాయింట్‌మెంట్‌కి అది తీసుకెళ్లండి.

కషాయం_కాపలా:
ఇంకోటి, మన ఆయుష్ పద్ధతుల్లో కొరియన్ వైద్యం లేదు. ఇక్కడ బోర్డు పెట్టుకున్నవాళ్ల అర్హత అడిగి చూడండి. అపాయింట్‌మెంట్ ఆలస్యమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా.