పాట ముందా, బాణీ ముందా? ఓ హార్మోనియం మనిషి సందేహం

ముమ్మిడివరం హార్మోనిస్టు:
నమస్కారమండి. ముప్పై రెండేళ్లుగా పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తున్నాను. కిందటి మార్చిలో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, మనవరాలి హైస్కూల్లో పిల్లలు ‘ఓక్లహోమా!’ అనే మ్యూజికల్, అంటే పాటలతో కథ నడిచే నాటకం, వేశారు. నాకేం అర్థమవుతుందిలే అని వెనక వరసలో కూర్చున్నాను.

తెర లేచింది. డాన్సుల్లేవు, గుంపు లేదు. ఒక ముసలమ్మ వెన్న చిలుకుతోంది, అంతే. లోపల్నుంచి ఓ కుర్రాడు పొద్దుటి పూట ఎంత బాగుందో పాడుకుంటూ వస్తున్నాడు. ఒళ్లు జల్లుమంది. మన కృష్ణుడూ అంతే కదండీ! తెర వెనకే రాగం ఎత్తుకుంటాడు, మనిషి తర్వాత వస్తాడు.

తేడా ఆ తర్వాత తెలిసింది. మన దగ్గర పద్యం కవిది, రాగం నటుడిది. ఒక్క రాయబారంలో ముగ్గురు కృష్ణులుంటారు, ఒకరి రాగం ఇంకొకరికి పడదు. ‘వన్స్‌మోర్’ అని కేకేస్తే కౌరవసభ మొత్తం ఆగిపోయి అదే పద్యం మళ్లీ వింటుంది. అక్కడ పాట వస్తే కథ ఆగలేదు. మనసులో ఇష్టం ఉన్న ఇద్దరు ‘నాతో అంత చనువుగా ఉండకు, జనం ఏమనుకుంటారు’ అని పాడుకుంటారు. ఆ ఒక్క పాటతో వాళ్ల సంగతంతా తెలిసిపోయింది.

రిచర్డ్ రాడ్జర్స్‌ది సంగీతం, ఆస్కార్ హామర్‌స్టీన్‌ది మాటలట. ‘అమెరికాలో మ్యూజికల్స్‌ని దీనికి ముందు, దీని తర్వాత అని లెక్కేస్తారు తాతయ్యా’ అంది మనవరాలు. అంతగా ఏం మార్చారండీ వాళ్లు? ఇంకోటి, 2011లో మా కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సాగు మానేశారు కదా, ఆ కథతో సంక్రాంతికి నాటకం అనుకుంటున్నాం. ముందు బాణీ ఇమ్మని మా రచయిత ప్రాణం తీస్తున్నాడు. ఇవ్వాలా?

కాకినాడ కుర్రోడు:
ఇవ్వకండి మాస్టారూ. వాళ్లు మార్చింది సరిగ్గా అదే. రాడ్జర్స్ అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా లోరెంజ్ హార్ట్ అనే పాటల రచయితతో పనిచేశాడు. అక్కడ ఎక్కువగా బాణీ ముందు, మాటలు తర్వాత. తాగుడుతో హార్ట్ చేతికి అందకుండా పోయి 1943 నవంబరులో పోయాడు. హామర్‌స్టీన్‌తో పద్ధతి తిరగబడింది. మీరు విన్న ఆ మొదటి పాట రాయడానికి ఆయనకి మూడు వారాలు పట్టిందట, రాడ్జర్స్ పది నిమిషాల్లో బాణీ కట్టాడట. మొక్కజొన్న ఎంత ఎత్తు ఎదిగిందని చెప్పడానికి హామర్‌స్టీన్ మొదట గుర్రం కంటి ఎత్తు అని రాసుకున్నాడు. పక్కవాళ్ల చేలోకి వెళ్లి చూస్తే మొక్క ఇంకా ఎత్తుగా ఉంది. దాంతో ఏనుగు కంటి ఎత్తు అని మార్చాడు! 1943 మార్చి 31న న్యూయార్క్‌లో మొదలైన ఆ నాటకం 2,212 సార్లు ఆడింది.

గోదారి గట్టు:
ముందు, తర్వాత అనేది కాస్త పబ్లిసిటీ మాట. పాటని కథలో కలపడం ఇదే హామర్‌స్టీన్ 1927లోనే సంగీతకర్త జెరోమ్ కెర్న్‌తో ‘షో బోట్’లో చేశాడు, అదీ నల్లవాళ్ల కష్టం చూపిస్తూ. నాకు గుచ్చుకునేది వేరే. ‘ఓక్లహోమా!’కి మూలమైన నాటకం రాసిన లిన్ రిగ్స్ చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ వంశస్థుడు. కథ జరిగేది అలాంటి తెగలకని కేటాయించిన ‘ఇండియన్ టెరిటరీ’లో. మ్యూజికల్లో మాత్రం ఆ నేల మనుషులు ఒక్కరూ కనపడరు. లంకభూముల తగువులు చూసినవాణ్ని, పంట పాట వింటే నాకు ముందు ‘చేను ఎవరిది?’ అనిపిస్తుంది. వాళ్లకి ధైర్యం లేదని కాదు. 1949లో ‘సౌత్ పసిఫిక్’లో, ద్వేషం పుట్టుకతో రాదు, పెద్దవాళ్లు నేర్పితే వస్తుంది అని పాట పెట్టారు. తీసెయ్యమన్నా తియ్యలేదు.

కడియం పూలతోట:
జంట అంటే ముందు మా ఊరివాడు గుర్తురావాలి కదండీ! చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గర యండగండి. హార్మోనిస్టు గారు వాయించే రాయబారం పద్యాలు వాళ్లవే. తిరుపతిశాస్త్రి పోయాక కూడా వెంకటశాస్త్రి జంట పేరుతోనే రాశారు. హామర్‌స్టీన్ 1960 ఆగస్టులో, వాళ్ల ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకం మొదలైన తొమ్మిది నెలలకి పోయాడు. తర్వాత దాన్ని సినిమా తీసినప్పుడు కొత్తగా కావాల్సిన రెండు పాటలకి మాటలు కూడా రాడ్జర్సే రాసుకున్నాడు. నన్నడిగితే జంట మిగిల్చింది శిష్యుల్లో చూడాలి. చెళ్లపిళ్ల దగ్గర విశ్వనాథ సత్యనారాయణ చదువుకున్నట్టే, హామర్‌స్టీన్ దగ్గర, తర్వాత మ్యూజికల్స్‌లో పేరు తెచ్చుకున్న స్టీఫెన్ సోండ్‌హైమ్ కుర్రతనంలోనే పాట రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకుని గురువులా తియ్యగా రాయలేదు, అదీ గొప్ప.

ముమ్మిడివరం హార్మోనిస్టు:
అందరికీ దండాలండి. మా రచయితని బోదె గట్టు మీదకి తరిమాను. బురద కాళ్లతో వచ్చి నాలుగు లైన్లిచ్చాడు. గోదారి గట్టు గారి ప్రశ్న కూడా అడిగాను, చేను ఎవరిదని. కౌలుదే అన్నాడు. మోహనలో పెడితే పంట పండినట్టుంది, శివరంజనిలో పెడితే శవం లేచినట్టుంది. ‘కౌలు’ అన్న మాట దగ్గర వేలు ఆగిపోతోంది. అక్కడ పెట్టె ఆపేసి మాట వరకే పలకమంటే ఎలా ఉంటుందంటారు?