హ్యామ్‌స్టర్‌కి కింది పళ్ళు పెరిగిపోయి తినలేకపోతా ఉండాది, తిరుపతిలో ఎవురు చూస్తారు?

కొర్లగుంట_బుజ్జి:
నమస్తే అందరికీ. మా ఇంట్లో సిరియన్ హ్యామ్‌స్టర్ (ఎలక జాతి పెంపుడు ప్రాణి) ఉండాది, పేరు లడ్డు, తిరుపతోళ్ళం ఇంకేం పేరు పెడతాం. సంగతేందంటే గింజ ఎత్తుకుంటాది, నోటికాడ అటూ ఇటూ తిప్పతాది, కింద పడేస్తాది, మళ్ళా అదే గింజ ఎత్తుకుంటాది, పొద్దుతిరుగుడు గింజ పొట్టు గూడా వొలవలేకపోతా ఉండాది. గడ్డం కింద బొచ్చు ఎప్పుడు చూసినా తడి. టార్చ్ వేసి చూస్తే కింది పళ్ళు రెండూ పొడుగ్గా పసుప్పచ్చగా ఉండాయి, ఒకటి పక్కకి వంగి ఉండాది. రాత్రంతా బోను కమ్మీలు కొరకతానే ఉంటాది కదా, మరి అరగకుండా ఎట్ల పెరిగినాయో అర్థం కాలా. మా ఏరియా క్లినిక్‌లో కుక్కలూ పిల్లులైతే చూస్తాం, ఇది మా వల్ల కాదనేసినారు. మా బామ్మర్దేమో నెయిల్ కట్టర్‌తో టక్కుమని కట్ చేసేయ్ బావా అంటాడు, మా ఆవిడ దాన్ని ముట్టుకుంటే చూడు అంటాది. ఏం చేసేది?

చిత్తూరు_బేనీషా:
కట్టరే బెస్ట్ బ్రో. నేను మా దానికి అట్నే చేసినా, ఏం కాలా. మన గోరు లెక్కే కదా.

పశువైద్యం_ఫైనలియర్:
పైన చెప్పినాయనకి అదృష్టం బాగుంది అంతే, మీరు మాత్రం చెయ్యొద్దు. గోరు లెక్క కాదు, పన్ను లోపల నరం, రక్తం ఉంటాయి. కట్టర్‌తో నొక్కితే పన్ను అడ్డంగా తెగకుండా నిలువుగా చీలిపోవచ్చు, చీలిక చిగురు లోపలికి పోయిందంటే చీము పట్టి దవడ వాస్తుంది. పైగా నోరు తెరిపించాలని మెడ కాడ తోలు గట్టిగా లాగి పట్టుకుంటే హ్యామ్‌స్టర్‌కి కన్ను గుడ్డు బయటికి వచ్చేయొచ్చు, నిజంగానే చెప్తున్నా.

దానికి మొత్తం 16 పళ్ళు, ముందరి 4 మాత్రమే బతికినన్నాళ్ళు పెరుగుతాయి, వెనక దవడ పళ్ళు పెరగవు (కుందేలుకి, గినీ పిగ్‌కి అవీ పెరుగుతాయి, నెట్‌లో వాటి గురించి చదివి దీనికి కూడా అనుకుంటారు). పసుపు రంగు జబ్బేం కాదు, కింది పళ్ళు పైవాటికంటే పొడుగ్గా ఉండటం కూడా మామూలే. కానీ వంగిన పన్ను, తడి గడ్డం, పొట్టు వొలవలేకపోవడం మామూలు కాదు. ఇప్పుడు అసలు చూడాల్సింది పై పళ్ళు. ఈ పళ్ళు ఒకదానికొకటి రాసుకునే అరుగుతాయి, కమ్మీలు కొరికితే అరగడం కాదు, విరుగుతాయి. పైది విరిగిందంటే కిందిదానికి రాసుకోను ఏమీ లేక అట్ల పొడుగైపోతుంది, వంకర కూడా తిరుగుతుంది.

మన వెటర్నరీ కాలేజీ హాస్పిటల్‌కి ఫోన్ చేసి, చిన్న ప్రాణుల్ని చూసే డాక్టర్ ఎప్పుడు ఉంటారో కనుక్కుని పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీసుకుపోండి. సన్నటి బర్‌తో (పళ్ళు అరగదీసే చిన్న తిరిగే మొన) అరగదీస్తారు, అవసరమైతే కాసేపు మత్తు ఇస్తారు. ఇంకోటి, ఇంట్లో ఉంది కదా అని అమోక్సిసిలిన్ సిరప్ చుక్క కూడా వెయ్యొద్దు, పెన్సిలిన్ జాతి మందులు హ్యామ్‌స్టర్ పేగుల్లో మంచి బాక్టీరియాని చంపేసి ప్రాణం మీదికి తెస్తాయి.

చంద్రగిరి_అక్క:
బుజ్జీ, డాక్టర్ కాడికి పొయ్యే లోపల దాని కడుపు చూడు ముందు. పెల్లెట్లు (అంగట్లో దొరికే గట్టి మేత గుళికలు) గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టు, ఉర్లగడ్డ కాకుండా చిలగడదుంప ఉడకబెట్టి రోంత పెట్టొచ్చు, ఎర్రగడ్డ తెల్లగడ్డ తగిలింది ఏదీ వద్దు. గిన్నెలో గింజలు తగ్గినాయి కదా తినేసిందిలే అనుకోవద్దు, అన్నీ బుగ్గల్లో దాచి మూలకి తీసకపొయ్యి పోస్తాది దొంగది. అందుకే వంటింటి త్రాసు మీద రోజూ తూకం చూడు. సిరియన్ అంటే 100 నుంచి 150 గ్రాములు ఉంటాది, అందులో 10 గ్రాములు తగ్గినా మనకి ఐదారు కిలోలు తగ్గినట్టు. బుగ్గ ఒకపక్కే ఉబ్బి ఉంటే అది గూడా డాక్టర్‌కి చెప్పు, లోపల తిండి ఇరుక్కుని కుళ్ళొచ్చు.

చిత్తూరు_బేనీషా:
సరేలే అక్కా నేనింకేం చెప్పను. జామ పుల్ల వేస్తే సరిపోదా మరి?

చంద్రగిరి_అక్క:
జామ పుల్ల మంచిదే, మందు కొట్టని చెట్టుదైతే కడిగి ఎండబెట్టి వెయ్యొచ్చు. కానీ పన్ను వంకర తిరిగినాక పుల్ల ఏం చేస్తాది తమ్ముడూ, ముందు సరిగ్గా అరగదీయించాల.

కొర్లగుంట_బుజ్జి:
పోయొచ్చినాం. మీరు చెప్పినట్టే పై పన్ను ఒకటి చిగురు దాకా విరిగి ఉండాది, మాకు కనపడనే లేదు. డాక్టర్ గారు కిందివి అరగదీసి లెవెల్ చేసినారు, పైది మళ్ళా వచ్చేదాకా రెండు మూడు వారాలకొకసారి చూపించమన్నారు, సరిగ్గా ఎదురుబొదురుగా వస్తే సరి, లేదంటే బతికినన్నాళ్ళు అరగదీయిస్తా ఉండాల్సిందే అన్నారు. ఇంటికొచ్చినాక నానబెట్టిన పెల్లెట్ గిన్నెలో మొగం పెట్టి ఎత్తలా. బోను తీసేసి పెద్ద ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చమన్నారు, అది యాడ దొరుకుతాది?

చంద్రగిరి_అక్క:
గాంధీ రోడ్‌లో ప్లాస్టిక్ సామాన్ల షాపుల్లో అడుగు. ఉన్నదాంట్లో పెద్దది తీసుకో, మూత మధ్యలో కోసేసి సన్న జాలీ బిగించు, ఎండాకాలం ఊపిరాడాల కదా.