లేజర్ కోసం ముఖానికి రేజర్ పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

కౌంటర్‌పిల్ల_రావులపాలెం
నాకు 26 ఏళ్ళు. ఇంటర్ చదివే రోజుల నుంచీ గడ్డం కింద, దవడల పక్కన నల్లగా బిరుసు వెంట్రుకలు వస్తున్నాయి. పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) వల్ల వచ్చిన హిర్సూటిజం (ఆడవాళ్ళకి మగవాళ్ళలా బిరుసు వెంట్రుకలు రావడం) అని ఒక డాక్టరుగారు స్కానింగ్ చూసి చెప్పారు, అంతే. పది రోజులకోసారి థ్రెడింగ్‌తో నెట్టుకొస్తున్నాను. మొన్న చీటీ డబ్బులు చేతికొచ్చాయి, లేజర్ చేయించుకుందామని రాజమండ్రి వెళ్ళాను. నెలన్నర పాటు దారం, వ్యాక్స్, ప్లక్కర్ ఏవీ ముట్టుకోవద్దు, రేజర్ మాత్రం వాడుకోవచ్చు, వచ్చే ముందు రోజు నున్నగా గీసుకుని రండి అన్నారు. ఇంట్లోనేమో అమ్మమ్మ "ఆడపిల్ల మొహానికి కత్తి తగిలితే మగాడి గడ్డం దిగుతుందే" అని నిన్నట్నుంచి అన్నం తినట్లేదు. నేను బట్టల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటాను, రోజంతా లైటు నా మొహం మీదే. పెట్టొచ్చా, పెట్టకూడదా?

పాలకొల్లు_పెద్దమ్మ
పెట్టొద్దు తల్లీ. మీ అమ్మమ్మ మాట తీసెయ్యకు. మా ఆడపడుచు కూతురు ఇలాగే మొదలుపెట్టింది, ఇప్పుడు రోజూ గీసుకోవాల్సి వస్తోంది. తడిమి చూస్తే కోత కోసిన చేలో దుబ్బుల్లా గరుగ్గా తగులుతుంది. దారంతో లాగితే వేరుతో సహా వస్తుంది, పది రోజులు నిశ్చింత. సెనగపిండి, పసుపు, మీగడ కలిపి నలుగు పెట్టుకో.

స్కిన్_ఓపీ_నర్సు (కాకినాడ)
పెద్దమ్మగారూ, 'వేరుతో సహా' అన్నారు చూశారా, అసలు సంగతి అక్కడే ఉందండీ. లేజర్ కాంతి పట్టుకునేది వెంట్రుకలోని నల్లరంగుని. ఆ రంగు వేడెక్కి, వేడి కుదురు దాకా దిగితేనే అది దెబ్బతింటుంది. దారంతో లాగేస్తే లోపల పట్టుకోవడానికి ఏమీ మిగలదు, కట్టిన డబ్బు కాలవలో పోసినట్టే. రేజర్ పైపైన కోస్తుంది, లోపలిది అలాగే ఉంటుంది. పైన పొడుగ్గా వదిలేస్తే ఆ వెంట్రుక చర్మం మీదే కాలుతుంది, అందుకే ముందు రోజు గీసుకురమ్మంటారు.

గరుకు మాట నిజమే. తనంతట పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోస్తే మొండిగా తేలి చేతికి గుచ్చుకుంటుంది. అంతేగానీ కొత్తవి మొలవవు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గీసిన వెంట్రుకలను కొలిచి చూసి, రంగులో, మందంలో, పెరిగే వేగంలో తేడా రాలేదని తేల్చారు.

చెల్లీ, నెలన్నర పాటు పెంచుకుని కౌంటర్లో కూర్చోవాల్సిన పనిలేదు. రెండు రోజులకోసారి గీసుకో. కొత్త బ్లేడు, తడి ముఖం, సబ్బు నురగ, వెంట్రుక వాలిన వైపే.

లెక్కల_టీచర్_అమలాపురం
రేజర్ దగ్గరే ఆగిపోయారు మీరంతా. నాకు ఎనిమిది సిట్టింగులయ్యాయి, ఒక్క రక్తపరీక్ష లేకుండా. ఏడాది హాయిగా ఉన్నాను. తర్వాత మళ్ళీ మొదలు. పైగా దవడ కింద నూగులా ఉండేవి కూడా నల్లబడి ముదిరాయి. ఒంట్లో ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, తగ్గకుండా పైన ఎన్నిసార్లు కాల్చినా కొత్తవి లేస్తూనే ఉంటాయి. కాలవకి గండి పడితే ముందు గట్టు పూడ్చాలి కదా, చేలో నీళ్ళు తోడితే ఎన్నాళ్ళు? ముందు ఆరు నెలలు మందులు, ఆ తర్వాతే లేజర్. నేను దీని మీదే నిలబడతాను.

స్కిన్_ఓపీ_నర్సు (కాకినాడ)
టీచర్‌గారూ, పరీక్షలు ముందు చేయించాలన్న మాటకి రెండు చేతులా ఒప్పుకుంటాను. నూగు ముదరడం కూడా జరుగుతుంది, ముఖం, మెడ దగ్గరే ఎక్కువ. కానీ ఆరు నెలలు ఆగమనడం ఒప్పుకోను. మందుల ఫలితం కనబడటానికే దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఈలోగా లేజర్ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, రెండూ కలిసి నడిస్తేనే బాగుంటుంది. ఎలాగూ ఒక్కసారితో అయ్యేది కాదు, ఎదుగుతున్న దశలో ఉన్న వెంట్రుకలకే దెబ్బ తగులుతుంది, అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రమ్మంటారు.

చెల్లీ, టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ హార్మోన్ పరీక్షల గురించి డాక్టరుగారిని అడుగు. ఆ చివరిదానికి రక్తం నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో, పొద్దున్నే ఇవ్వడం మంచిది. వెంట్రుకలు తగ్గడానికి స్పైరోనోలాక్టోన్ అనే మందు రాస్తే మాత్రం పెళ్ళి సంగతి దాచకు, ఆ మందు వాడేటప్పుడు గర్భం రాకూడదు. ఇంకొక్క మాట, చదివేవాళ్ళందరికీ. నాలుగైదు నెలల్లోనే వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగి గొంతు బొంగురుపోతుంటే లేజర్ సెంటరుకి కాదు, వెంటనే హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్టు) దగ్గరికి వెళ్ళండి.

లెక్కల_టీచర్_అమలాపురం
కలిసి నడిస్తే మంచిదే. కానీ ఆ రెండిటికీ ఒకేసారి డబ్బు ఎవరు కడతారండీ? చీటీ డబ్బు ఒక్కసారే వస్తుంది. ఆ అమ్మాయి ముందు దేనికి ఖర్చుపెట్టాలో అది చెబుతున్నాను.

రొయ్యలచెరువు_నరసాపురం
డబ్బు మిగులుతుందని నేను ఒక పార్లర్లో చేయించుకుని చెడ్డాను. సంక్రాంతి వారమంతా చెరువు గట్టు మీద ఎండలోనే ఉన్నాను, కనుమ వెళ్ళిన రెండో రోజునే కూర్చోబెట్టి మిషన్ పెట్టారు. ఎండకి కమిలారా అని అడిగినవాళ్ళు లేరు. మర్నాటికి చెంప మీద నలుచదరంగా నాలుగు అచ్చులు, ఇస్త్రీపెట్టె మూల తగిలినట్టు. ఎనిమిది నెలలు చున్నీ కప్పుకునే తిరిగాను. అది లేజర్ కూడా కాదు, ఐపీఎల్ అనే వేరే రకం వెలుగు మిషన్ అని తర్వాత తెలిసింది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ భద్రమని ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టరమ్మ చెప్పారు. ఏ మిషనో అడుగు చెల్లీ. చెవి ముందు చిన్న చోట టెస్ట్ ప్యాచ్ వేసి చూడమను. నెల ముందు నుంచే సన్‌స్క్రీన్ రాసుకో, స్కూటీ మీదైనా సరే. ముఖానికి బ్లీచింగ్ వద్దు. సిట్టింగు రోజు పసుపూ వద్దు, ఏమీ పూసుకోకుండా వెళ్ళు.

పాలకొల్లు_పెద్దమ్మ
నర్సమ్మా, నాకూ గడ్డాన ఆరేడు వెంట్రుకలున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, తలుపేసుకుని దారంతో లాక్కుంటాను. ఇప్పుడవి తెల్లబడ్డాయి. పక్కనే చిన్నప్పటి పచ్చబొట్టు చుక్క కూడా ఉంది. నాకూ చేస్తారా?

స్కిన్_ఓపీ_నర్సు (కాకినాడ)
తెల్లవాటికి లేజర్ పనిచెయ్యదండీ, పట్టుకోవడానికి రంగు ఉండదు. పచ్చబొట్టు మీద అసలే పెట్టకూడదు, ఆ రంగుని పట్టుకుని చర్మాన్ని కాలుస్తుంది. సన్నటి సూదితో చేసే ఎలక్ట్రాలిసిస్‌కి రంగుతో పనిలేదు. అంత శ్రమ ఎందుకనుకుంటే మీ దారమే మీకు మేలు. తలుపు మాత్రం వేసుకోకండి పెద్దమ్మగారూ.

కౌంటర్‌పిల్ల_రావులపాలెం
రక్తం రేపు పొద్దున్నే ఇస్తున్నాను, సరిగ్గా రెండో రోజు. లేజర్ తేదీ నెలన్నర తర్వాతే తీసుకున్నాను. టీచర్‌గారి మాట మీద డబ్బులో సగం మందులకి పక్కన పెట్టాను. నిన్న రాత్రి మొదటిసారి గీసుకున్నాను, చెయ్యి వణికింది. పొద్దున్న అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నా గడ్డం తడిమింది. పెద్దమ్మగారి సంగతి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కంచం పెట్టమంది.