మూడు కళ్ళ కట్టెల పొయ్యిలోనే గ్యాస్ బర్నర్ పెట్టొచ్చా?

కొర్లగుంట మెస్
అందరికీ నమస్కారం. తిరుపతిలో మా అమ్మానాన్న చిన్న మెస్ నడుపుతున్నారు, మధ్యాహ్నం భోజనం, రాత్రికి సంగటి, వంటంతా కట్టెల మీదే. ఇటుకలతో కట్టి మట్టి మెత్తిన మూడు కళ్ళ పొయ్యి, పైన పొగగొట్టం కూడా ఉంది గానీ వానాకాలంలో కట్టెలు చెమ్మ పట్టాయంటే సగం పొగ వంటింట్లోనే తిరుగుతుంది. అమ్మకు దగ్గు తగ్గడం లేదు, పొగకు దూరంగా ఉండమని డాక్టర్ గట్టిగా చెప్పారు. అందుకే గ్యాస్‌కి మారదామనుకుంటున్నాం. నాన్న మాత్రం పొయ్యి పగలగొట్టొద్దంటున్నారు, గుండిగలు సరిగ్గా కూర్చునేలా కట్టించుకున్న పొయ్యి అది. కట్టెలు పెట్టే నోట్లోంచి బర్నర్ లోపలికి తోసి పైపు బయటికి తీస్తే సరిపోతుందని తెలిసిన మేస్త్రీ చెప్పాడట. అలా చేయొచ్చా? కట్టెలతో పోలిస్తే ఖర్చు ఎలా ఉంటుంది?

స్టవ్ మెకానిక్, చిత్తూరు
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయించవద్దు. కట్టెల పొయ్యి గూడు వేడిని లోపలే పట్టి ఉంచేలా కడతారు. గ్యాస్ బర్నర్‌కేమో చుట్టూ గాలి ఆడాలి. గూట్లో గాలి చాలకపోతే నీలం మంట పసుపు రంగుకి తిరుగుతుంది, గుండిగ అడుగున మసి పడుతుంది, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఏమీ ఉండవు, మనిషికి తల తిరిగేదాకా తెలియదు. ఇటుకలు కాలిన వేడి అంతా వెనక్కి కొట్టి పైపుకీ వాల్వుకీ తగులుతుంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది అడుగున ఉండే బూడిద గుంట గురించి. మనం వాడే ఎల్‌పీజీ గాలి కంటే బరువు, దాదాపు ఒకటిన్నర నుంచి రెండింతలు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా పల్లానికి జారి ఆ గుంటలో నిలుస్తుంది. పొద్దున్నే ఎవరో ఒకరు వంగి లైటర్ కొడతారు. పైన పొగగొట్టం ఉంది కదా పోతుందిలే అనుకోవద్దు, లీకైన గ్యాస్ అంత పైకి ఎక్కదు. వంటింట్లో నేల మట్టాన బయటికి తెరుచుకునే జాలీ తప్పనిసరిగా పెట్టించు.

పొయ్యి తీసేసి గుంట పూడ్చి, యాంగిల్ ఐరన్ స్టాండ్ మీద బర్నర్లు పెట్టించుకోండి. గుండిగల అడుగు కొలత ఇస్తే వెల్డింగ్ షాపులో దానికి తగ్గ రింగులు చేస్తారు, నాన్నగారి బెంగ తీరుతుంది. పొగగొట్టం తీయొద్దు, మసి దులిపించి కింద హుడ్ కట్టించండి, ఆవిరికి పనికొస్తుంది. సిలిండర్లు బయట నీడలో, నిలువుగా, కాలువకు దూరంగా ఉండాలి. మెస్‌కి 19 కేజీలవే వాడాలి, ఇంటి 14.2 కేజీల సిలిండర్ వ్యాపారానికి వాడితే పట్టుకుపోతారు. 100 కేజీల లోపు నిల్వకు పేలుడు పదార్థాల శాఖ లైసెన్స్ అక్కర్లేదు, అంటే ఐదు సిలిండర్లు దాటనివ్వొద్దు.

చంద్రగిరి క్యాటరింగ్
మెకానిక్ అన్న చెప్పిందే కరెక్ట్. నేను వంట సంగతి చెబుతాను బాబూ. అన్నం, సాంబారుకి ఏ ఇబ్బందీ లేదు, సంగటికే చెయ్యి అలవాటు పడాలి. కట్టెల మీదైతే మంట లాగేసి నిప్పుల మీద మగ్గబెడతాం, గ్యాస్ మంట మధ్యలో ఒకేచోట కొడుతుంది కాబట్టి పల్చటి గిన్నె అయితే అడుగంటుతుంది. మందపాటి అడుగున్న గిన్నె తీసుకోండి, రాగిపిండి పోశాక మంట బాగా తగ్గించి మూత పెట్టండి, తెడ్డుతో గెలికేటప్పుడు గిన్నె కదలకుండా స్టాండ్‌కి బిగింపు పెట్టించండి. బర్నర్ ఎత్తు మాత్రం అమ్మ నిలబడి గెలకడానికి వీలుగా ఉందో లేదో ఆమెను నిలబెట్టే చూడండి. మీ నాన్నగారు రుచి గురించి అంటుంటే చెప్పండి, తిరుమల కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డూకి కూడా 1984 దాకా కట్టెలే, ఆ తర్వాత గ్యాస్‌కి మారారు.

లెక్కల మనిషి
ఖర్చు సంగతి. మామూలు మట్టి పొయ్యిలో కట్టె వేడి నూటికి పది పదిహేను వంతులే గిన్నెకు చేరుతుంది, మంచి గ్యాస్ స్టవ్‌లో అరవై పైనే. ఆ లెక్కన కేజీ గ్యాస్ ఇంచుమించు పది పన్నెండు కేజీల ఎండు కట్టెల పని చేస్తుంది. అంటే ఒక 19 కేజీల సిలిండర్‌కి రెండు వందల కేజీల కట్టెలు. మీకు మామిడి కట్టెలు ఏ రేటుకి పడుతున్నాయో, చీల్చే కూలి, ఆటో బాడుగ కలిపి చూసుకోండి. చెమ్మ కట్టెలైతే ఇంకా ఎక్కువ పోతాయి.

కొర్లగుంట మెస్
చాలా థాంక్స్ అందరికీ. బూడిద గుంట మాట చదివి వినిపిస్తే నాన్న మెత్తబడ్డారు. సంగటికి ఒక్క కన్నైనా ఉంచమంటున్నారు, అదే గదిలో ఉంచొచ్చా?

స్టవ్ మెకానిక్, చిత్తూరు
అదే గదిలో వద్దు తమ్ముడూ, నిప్పు ఉన్నచోట గ్యాస్ ఉండకూడదు. పెరట్లో, సిలిండర్లకు దూరంగా, రేకు కింద విడిగా కట్టించండి, అప్పుడు కూడా అమ్మను దాని దగ్గరికి పంపొద్దు. బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూపించమనండి, అగ్గిపుల్ల గీసి చూసేవాడైతే అక్కడే ఆపేయండి. 1906 నంబర్ గోడ మీద పెద్దగా రాయించండి, గ్యాస్ లీకేజీకి ఎప్పుడైనా పలుకుతారు.