పిల్లికూతలు ఆగిపోతే ఆయాసం తగ్గినట్టేనా?

మియాపూర్ అమ్మ:
బాబుకు తొమ్మిదేళ్లు, ఆస్తమా. చలి మొదలైతే తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. ఇన్‌హేలర్‌కు స్పేసర్ గొట్టం తగిలించి సాల్‌బ్యుటమాల్ మందు ఇస్తున్నాం. ఇంట్లో చూసుకోవచ్చా, ఆస్పత్రికి పరుగెత్తాలా అన్నది ఎలా తెలుస్తుంది? కూత వినపడకపోతే తగ్గినట్టేనా?

ఛాతీ వార్డు నర్సు:
ప్రతిసారీ కాదండీ. కూత రావాలంటే ఇరుకైన ఊపిరి గొట్టాల్లోంచి కొంతైనా గాలి పోతుండాలి. అవి మరీ బిగుసుకుపోయి, కళ్లెతో పూడుకుపోతే కూత కూడా రాదు. కూత పోయి పిల్లాడు మామూలుగా మాట్లాడుతుంటే సరే. కూత పోయి నీరసంగా, మగతగా పడి ఉంటే వెంటనే 108.

చొక్కా విప్పి చూడండి. డొక్కలు ఎగరేస్తున్నాడా? పక్కటెముకల మధ్య, గొంతు కింది గుంట లోపలికి పోతోందా? ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తి చేయలేక రెండు మాటలకే ఆగుతున్నాడా? ఇవి తీవ్రమైన ఎటాక్ గుర్తులు. ఏడవనప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, ఈ వయసులో 30 దాటితే తీవ్రమే. ఆక్సీమీటర్‌లో 92 కన్నా తగ్గితే ఆస్పత్రే. 95 ఉందని మాత్రం ధీమా పడకండి, ఆక్సిజన్ పడిపోయేది ఆలస్యంగా. పెదాలు నీలంగా మారితే ప్రాణాపాయం.

పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి. ఇన్‌హేలర్ కుదిపి స్పేసర్‌లోకి ఒక్క పఫ్, ఐదారు ఊపిరులు, మళ్లీ కుదిపి ఇంకొకటి. రెండు మూడు కలిపి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. ఇలా పది పఫ్‌ల దాకా ఇవ్వొచ్చు. అయినా తగ్గకపోయినా, నాలుగు గంటల్లోపే మళ్లీ అవసరమైనా ఇంట్లో ఆగొద్దు. డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ఉంటే అదే పాటించండి.

మందుల షాపు:
డబ్బా మీద 200 డోసులు అని ఉంటే లెక్క పెట్టుకోండి. మందు అయిపోయాక కూడా గ్యాస్ బుస్సుమంటూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలుతుందేమో చూడటం నమ్మదగ్గ పద్ధతి కాదు. ప్లాస్టిక్ స్పేసర్‌ను నెలకోసారి సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందును లాక్కుంటుంది.

అసలు సంగతి: సాల్‌బ్యుటమాల్ ఊపిరి గొట్టాల కండరాన్ని సడలిస్తుందే గానీ లోపలి వాపును తగ్గించదు. వారానికి రెండుసార్లకు మించి వాడాల్సి వస్తోందంటే ఆస్తమా అదుపులో లేదు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ గురించి డాక్టర్‌ను అడగండి. స్టెరాయిడ్ అని భయపడకండి, దాని డోసు మైక్రోగ్రాముల్లోనే. పీల్చాక నోరు పుక్కిలించాలి.

శ్వాస:
వంశంలో ఉండటం, అలర్జీ తత్వం మూలమైతే, ఎటాక్‌ను రేపేవి వేరు. పిల్లల్లో ఎక్కువగా జలుబు వైరస్‌లే. ఆ తర్వాత దోమల కాయిల్, సాంబ్రాణి, దీపావళి పొగ, ఖాళీ ప్లాట్లలోని వయ్యారిభామ పుప్పొడి, పరుపులోని డస్ట్ మైట్లు (దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు). దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప ప్రసాదం తీసుకున్నా సరే, ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు.

మియాపూర్ అమ్మ:
చాలా థాంక్సండీ. మందును తుంపరలా చేసి పీల్పించే నెబులైజర్ మిషన్ కూడా కొని పెట్టుకోవాలా?

ఛాతీ వార్డు నర్సు:
అక్కర్లేదండీ. తీవ్రత మధ్యస్థంగా ఉన్నంతవరకు స్పేసర్ అంతే బాగా పనిచేస్తుంది. పైగా ఇంట్లో నెబులైజర్ ఉంటే మళ్లీ మళ్లీ పెడుతూ ఆస్పత్రికి ఆలస్యం చేస్తారు. స్కూల్ బ్యాగులో మాత్రం ఇంకో ఇన్‌హేలర్, స్పేసర్ ఉంచి, క్లాస్ టీచర్‌కు వాడటం చూపించండి.